వేపకొమ్మల గుడారం

అది అరవై మూడో సంవత్సరం వేసవి. కావలికి తూర్పున, బకింగ్‌హాం కాలువ దాటి సముద్రం దాకా ఉన్న పల్లెలన్నీ నా సర్కిల్ కిందికి వచ్చేవి. ఉద్యోగం పేరు వ్యాక్సినేటర్. జనానికి నేను టీకాల సారును. మశూచికి టీకాలు వేయడం, అది ఎక్కడ తలెత్తిందో వెతికి పట్టుకోవడం నా పని. ఇప్పటి పిల్లలకు మశూచి అంటే ఏమిటో తెలియదు. తెలియకుండా పోవాలనే మేము అంతంత దూరాలు నడిచాం.

కాలువ దాటాక దారి ఉండేది కాదు. ఇసుక దిబ్బలు, అక్కడక్కడా సరుగుడు తోపులు, తాటిచెట్లు, అంతే. పొద్దెక్కితే చెప్పుల్లోకి దూరిన ఇసుక అరికాళ్ళను వేయించేది. గంటల తరబడి నడిచినా మనిషి కనపడడు. చర్చిలో పెదవి కదపని నేను ఆ ఇసుకలో గొంతెత్తి కీర్తనలు పాడేవాణ్ణి. భక్తి ఎక్కువై కాదు. ఏదో ఒక మనిషి గొంతు వినపడకపోతే పిచ్చెక్కేలా ఉండేది.

సంచిలో థర్మాస్ ఫ్లాస్కు, అందులో చల్లగా లింఫ్, అంటే టీకా మందు. దానితోబాటు రోటరీ లాన్సెట్. చిన్న కడ్డీ చివర ముళ్ళున్న బిళ్ళ అది. చేతి మీద మందు చుక్క వేసి, దానితో ఒత్తి తిప్పితే పని అయిపోతుంది. అది చూస్తే పిల్లలే కాదు, మీసాలున్న మగవాళ్ళు కూడా గోడలు దూకేవాళ్ళు. ఊళ్ళో అడుగు పెడితే నాకు ఎదురొచ్చేవి మూసిన తలుపులే. గుమ్మానికి వేపాకు కట్టి ఉంటే ఆ ఇంట్లో అమ్మవారు పోసిందని అర్థం. ఊరివాళ్ళు అటు పోరు. లోపలి మనిషిని పేరు పెట్టి పిలవరు. పిలిస్తే అమ్మను పిలిచినట్టే. నేను వస్తున్నానని తెలిస్తే ఆ వేపాకు కూడా తీసి దాచేసేవాళ్ళు. అందరూ తప్పుకుని పోయే ఇంటికి వెతుక్కుంటూ పోవడం ఏం ఉద్యోగమో అని నా మీద నాకే జాలేసేది.

అందుకే ఆ రోజు జాలర్ల ఊరు పట్టపుపాళెం పొలిమేరలో పోలమ్మ నాకు ఎదురొచ్చి నిలబడితే ఆశ్చర్యపోయాను. పోలమ్మ ఎండుచేపలు అమ్ముకునే ముసలామె. అంతకు ముందు రెండుసార్లు నన్ను తిట్టి పంపింది కూడా.

"సారూ, ఉత్తరం దిబ్బ కాడ అమ్మ పోసింది. మా వాళ్ళకు కాదు. ఎవురో దొర, గుడ్డ ఇల్లు ఏసుకోనుండాడు" అంది.

"నువ్వు చూసినావా?"

"దూరాన్నించి చూసినా. వాకిలికి వేపాకు కట్టుకోనుండాడు. మొహం నిండా పోసింది. పొద్దున్నే మేము నీళ్ళూ చద్దీ పెట్టి వస్తా ఉండాం. అయినా ఎవురూ లేని మనిషి సారూ. మా ఇసకలో దిక్కు లేకుండా పోతే ఆ పాపం మాకు కాదా?"

కేసు తనంతట తాను నా దగ్గరికి రావడం అదే మొదలు. నడిచాను. పోలమ్మ వెనకాలే వచ్చి దూరంగా ఆగిపోయింది.

సరుగుడు చెట్ల అవతల, అలలకు కాస్త ఎగువన ఖాకీ గుడారం ఉంది. దాని ముందు ఎండిపోయిన వేపకొమ్మలు వరసగా కట్టి ఉన్నాయి. గుడారానికి బాగా ఇవతల, చెయ్యి అందనంత దూరాన ఒక నీళ్ళ కుండ. గుడారం నుంచి కుండ దాకా ఇసుకలో మనిషి డేకిన చాళ్ళున్నాయి. లోపల పడుకున్న అతను నన్ను చూశాడు. చూసి ఊరుకున్నాడు. పిలవలేదు, చెయ్యెత్తలేదు. పిలిచి పిలిచి మానుకున్న మనిషి చూపు ఎలా ఉంటుందో నేను అప్పుడే చూశాను.

మశూచి అయితే అరచేతుల్లోనూ అరికాళ్ళలోనూ పొక్కులు ఉంటాయి. మొదట అక్కడే చూడమని మాకు నేర్పారు. అరచేతులు చూపించమన్నాను. శుభ్రంగా ఉన్నాయి. మొహం మీదివి దోమకాట్లు, గోకి గోకి పుండ్లయ్యాయి. ఒళ్ళు మాత్రం కాలిపోతోంది. అరికాళ్ళు చూద్దామని దుప్పటి తీశాను. ఎడమ కాలు పిక్క దాకా ఉబ్బి నిగనిగలాడుతోంది. మడమ పక్కన నల్లటి బెజ్జం. టేకు ముల్లు. టేకు అంటే తోకలో విషపు ముల్లు ఉండే చేప. అది ఒడ్డు నీళ్ళలోనే ఇసుక కప్పుకుని పడుకుంటుంది. ఇతను స్నానానికి దిగి దాన్ని తొక్కాడు.

"మీ పేరేంది?" అన్నాను, అలవాటుగా.

"డెన్నిస్" అన్నాడు. అని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

బిట్రగుంట లోకో షెడ్‌లో రైలింజను డ్రైవరు, ఆంగ్లో ఇండియన్. తమ్ముళ్ళూ చెల్లెలూ ఓడెక్కి దేశం దాటిపోయారు. ముందటి వానాకాలంలో తల్లి చనిపోయింది. చిన్నప్పుడు తండ్రి ఈ ఒడ్డుకే తీసుకొచ్చి గుడారం వేసి, గాలం వేయడం నేర్పించాడట. "క్వార్టర్స్‌లో గోడలు చూడలేకపోయినా సార్. లీవు పెట్టి, సాహసం చేద్దామని ఒక్కడే వచ్చినా" అన్నాడు తన రైల్వే తెలుగులో.

"వేపకొమ్మలు ఎందుకు కట్టినారు?"

"దోమలు. చిన్నప్పుడు మా ఆయా వేపాకు పొగ వేసేది. పొగ పెడితే గుడారం కాలతాది కదా, అందుకని కొమ్మలే కట్టినా." అని, మోచేతి మీద లేచి అడిగాడు. "వాళ్ళు దినమూ వస్తారు. కుండ పెడతారు, దండం పెడతారు, పోతారు. కాలు నొప్పి అని అరిచినా. ఒక్కరూ నా మొహం చూడలేదు. నేను దెయ్యమా సార్?"

నాకు నవ్వు రాబోయింది. అతని మొహం చూశాక నవ్వకుండా, వేపాకు చూసి అమ్మవారు పోసిందనుకున్నారని చెప్పాను. బయటికి వచ్చి పోలమ్మను కేకేశాను. అమ్మ కాదు, టేకు ముల్లు అన్నాను. ఆమె నమ్మలేదు. అరచేతులు చూడమని బతిమాలాను. చివరికి పసుపు నీళ్ళు చల్లుకుంటూ వచ్చింది, చూసింది. కొమ్మలకు మొక్కి, తన చేత్తోనే ఒక్కొక్కటీ విప్పి ఇసుకలో పెట్టింది. అప్పుడు కాలు చూసి కూలబడింది.

"టేకు ముల్లా నాయనా? ఓర్చుకోగలిగినంత వేణ్ణీళ్ళలో పెట్టాలని మా పాళెంలో చంటిపిల్లకు కూడా తెలుసునే. నువ్వు పిలిచినావు, నేను వినినా. అమ్మ పిలస్తా ఉండాదనుకోని మొక్కోని ఎనక్కి పోయినా." ఆ మాట అని అతని తల నిమరసాగింది.

నేను డాక్టరును కాను. కాచిన నీళ్ళతో కాలు కడిగి కట్టు కట్టాను, అంతకు మించి నాకు చేతకాదు. పోలమ్మ పెట్టిన కేకకు పాళెమంతా వచ్చింది. అన్నాళ్ళూ ఎవరూ కుండ దాటి రాని దిబ్బ మీద కాలు పెట్టడానికి సందు లేదు. "ఏందయ్యా దొరా, వేపాకు కడితే మేమేమనుకోవాల?" అని ఆడవాళ్ళు అతన్ని తిట్టిపోశారు. తిడుతూనే నోట్లో నీళ్ళు పోశారు. మగవాళ్ళు వలను రెండు కర్రలకు కట్టి డోలీ చేసి, అతన్ని అందులో వేసుకుని కాలువ పడవ దగ్గరికి బయలుదేరారు.

దారిలో డోలీ మోస్తున్న ఒకతను, "పదండ్రా, ఈ రోజు ఇంటికి పోయి చేపలు ఏయించుకోని తినొచ్చు" అన్నాడు. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని డెన్నిస్ నన్ను అడిగాడు. చెప్పాను. అమ్మవారు ఉన్నన్నాళ్ళూ ఆ చుట్టుపక్కల పొయ్యి మీద తాలింపు పెట్టరు, చేపలు వేయించరు, తలకు నూనె రాయరు. అవి చేస్తే రోగికి మంట పుడుతుందని వాళ్ళ నమ్మకం. అతని గుడారానికి వేపాకు కనపడిన రోజు నుంచీ పాళెంలో ఎవరూ తాలింపు పెట్టలేదు.

డెన్నిస్ డోలీ మోసేవాళ్ళను ఒక్కొక్కర్నీ తలెత్తి చూశాడు. కాలువ గట్టు కనపడే వేళకు, "నా కోసమా? వాళ్ళకు నా పేరు కూడా తెలవదే" అన్నాడు.

ఆసుపత్రిలో చూపిస్తే కాలు దక్కింది. ఇంజను మీద నిలబడి పనిచేసే బలం మాత్రం రాలేదు. షెడ్‌లోనే కూర్చుని చేసే పనిలో వేశారు. మరుసటి వేసవిలో మళ్ళీ వచ్చాడు. గుడారం దిబ్బ మీద వేస్తానంటే పోలమ్మ ఒప్పుకోలేదు. తన గుడిసె పక్కనే వేయించింది. ఆ ఏడు నేను పాళేనికి పోతే డెన్నిస్ టీకాకు అందరికన్నా ముందు చొక్కా చెయ్యి మడిచి నిలబడ్డాడు. అతని వెనక పోలమ్మ నిలబడింది.

ఆ తరువాత చాలా ఏళ్ళు అదే పని చేశాను. వేపాకు కట్టిన గుమ్మం కనపడితే, సంచి విప్పకముందే లోపలి మనిషి పేరు పక్కవాళ్ళను అడిగి తెలుసుకునేవాణ్ణి. వాకిట్లో నిలబడి ఆ పేరు పెట్టి పిలిచేవాణ్ణి. అమ్మను పేరు పెట్టి పిలుస్తావా అని పెద్దవాళ్ళు కసిరేవాళ్ళు. కసరనీ అనుకుని ఇంకోసారి పిలిచేవాణ్ణి. లోపల నుంచి ఎంత నీరసంగానైనా ఒక గొంతు పలికేది.