మా తోడికోడలి వెతుకులాట

మా తోడికోడలు బట్టలు కుట్టి బతుకుతుంది. మిషన్ ఆపగానే ఫోన్ పట్టుకుని, బ్యాంకుల్లో ఎవరూ అడగక పడివున్న డబ్బు మా వీధిలో ఎవరిదో వెతుకుతుంది. పాలవాడికి వాళ్ళ నాన్న దాచింది దొరికింది. ఎదురింటి ముసలమ్మకు మొగుడు దాచింది దొరికింది. ఇంకేముంది, వీధంతా ఆవిణ్ణి నెత్తిన పెట్టుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. నేనూ ఈ వీధిదాన్నేగా, నన్నెవరైనా అంత ప్రేమగా పలకరించారా?

నిన్న మా ఇంటికే వచ్చింది.

"చెల్లీ, మా మరిది పేరు కనిపించింది. పోయేముందు నీకోసం బాగానే దాచాడు. ఈ కాగితం మీద సంతకం పెట్టు."

పోయిన మా ఆయన మీద ప్రేమ పొంగాలి కదా? పోయి పోయి ఈవిడకు ఋణపడాల్సి వచ్చిందే అని ఏడుపొచ్చింది.

"మరి బావగారు పోతూ పోతూ నీకేం దాచారక్కా?" అన్నాను, ఉండబట్టలేక.

"అసలీ వెతకడం మొదలుపెట్టిందే ఆయన పేరు కోసం. అన్ని బ్యాంకులూ చూశాను. ఒక్క పైసా లేదు."

హమ్మయ్య, నా కడుపు చల్లబడింది. నవ్వుతూ కాగితం అందుకోబోయాను. ఆవిడ ఇవ్వడానికే చెయ్యి చాచింది గానీ, వేళ్ళు మాత్రం వదల్లేదు.