బొట్టు పెట్టిన బండికి వారంటీ లేదు

మా నాన్న కారు కొన్నది షోకు కోసం కాదు. గోల్‌మురిలో మా కర్మాగారం క్వార్టర్ల వరసలో అందరివీ సైకిళ్లే, కాస్త పై గ్రేడు వాళ్లకి స్కూటర్లు. ఫోర్‌మన్ అయ్యాక కూడా నాన్న సైకిలు మీదే డ్యూటీకి వెళ్లేవాడు. కారు వచ్చింది అక్క కోసం. చిన్నప్పటి పోలియోతో అక్క కుడికాలు చచ్చుబడింది. కాలికి ఇనప పట్టీ, చంకలో కర్ర. బి.ఇడి. పాసై ఇంట్లో కూర్చున్న మనిషికి, ఎనభైల మధ్యలో, సుబర్ణరేఖ నది అవతల మాంగోలో ఒక ప్రైవేటు బడిలో హిందీ టీచరు పని దొరికింది. మినీబస్సు ఎక్కబోతే అక్క రెండో కాలు పైకి తెచ్చుకునేలోపే బస్సు కదిలేది. షేరు ఆటోలో ఆ కాలు మడిచి కూర్చోవడం కుదరదు. రిక్షావాళ్లు వంతెన మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపేవారు. నాన్న పి.ఎఫ్. లోను పెట్టి చిన్న తెల్ల కారు తెచ్చాడు. పొద్దున్నే అక్కని బడిలో, ఆ తర్వాత నన్ను కాలేజీలో దింపి, తను మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లేలా డ్యూటీ మార్పించుకున్నాడు.

కొన్నాళ్లు అంతా బాగానే ఉంది. తర్వాత రోగం బయటపడింది. ఇంటి దగ్గర కారు ఒక్క తాళానికే స్టార్టయ్యేది. కాస్త దూరం వెళ్లి ఇంజను వేడెక్కాక, సరిగ్గా మాంగో వంతెన మీద, చప్పుడు చెయ్యకుండా ఆగిపోయేది. వెనక ట్రక్కుల వాళ్లు హారన్లు కొడుతూ మా వంశాన్నంతా తలుచుకునేవారు. నాన్న దిగి తోసేవాడు, నేనూ తోసేదాన్ని, అక్క లోపల కూర్చుని వాచీ చూసుకునేది. చల్లారాక అది ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. అప్పటికి బడిలో ప్రార్థన అయిపోయేది.

షోరూముకి పట్టుకెళ్లేసరికి ఎలాగూ చల్లారి ఉండేది కాబట్టి, అక్కడ మెకానిక్కు తాళం తిప్పగానే ఇంజను చక్కగా పలికేది. "బీమారీ కహాఁ హై, అంకుల్?" రోగమేదీ అని నవ్వేవాడు. అలాగని మమ్మల్ని ఊరికే పంపేవారు కాదు. కారు కడిగి, పాలిష్ పెట్టి, సీట్ల మీద సెంటు కొట్టి మరీ ఇచ్చేవారు. వంతెన మీద ఆగిన బళ్లలో మా కారంత తళతళలాడుతూ, ఘుమఘుమలాడుతూ ఆగిన బండి ఇంకోటి ఉండేది కాదు. ఒకసారి పెట్రోలు మంచిది కాదన్నారు. ఇంకోసారి నాన్న క్లచ్చు తొక్కే తీరు బాగాలేదన్నారు. ఆ మాట పట్టుకుని ఆయన కొన్నాళ్లు క్లచ్చు మీద కాలు పెట్టడానికే జంకాడు. నాకు మాత్రం ఆ సెంటు వాసనకే ఒళ్లు మండేది.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు కర్మాగారంలో ప్రతి సెక్షన్‌లోనూ ఓ విగ్రహం పెడతారు. క్రేనుకి బొట్టు, లేతుకి బొట్టు, మోటార్లకీ స్విచ్‌బోర్డులకీ బొట్టు. ఇళ్ల దగ్గర స్కూటర్లు కడుక్కుని దండలు వేస్తారు. కారున్న వాళ్లు బానెట్టు మీద స్వస్తిక్ గీసి ఊరుకుంటారు. నాన్నకి అది చాలలేదు.

"పైరేకు మొక్కి ఏటి లాభం? పని సేసీది లోపలున్నాది గదా," అంటూ బానెట్టు ఎత్తాడు. కర్మాగారంలో మోటారుకి చేసినట్టే, బ్యాటరీకి, కార్బురేటరుకి, ఇంజనుకి నిప్పురవ్వ అందించే ఇగ్నిషన్ కాయిలుకి పసుపు రాసి, నిండుగా కుంకుమ పెట్టాడు. అమ్మ కొబ్బరికాయ కొట్టింది. అక్క చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. మరుసటి వారం కారు మళ్లీ వంతెన మీద ఆగింది.

ఈసారి షోరూములో మెకానిక్కు తాళం తిప్పలేదు. బానెట్టు ఎత్తి, కాయిలు చూసి, లోపలికెళ్లి మేనేజర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మేనేజరు మర్యాదస్తుడు, గొంతు పెంచడు. కస్టమరు ఇంజనులో చెయ్యి పెట్టాడు, కరెంటు భాగాల మీద పొడి పోశాడు, ఇక ఈ బండికి వారంటీ వర్తించదు, అని హిందీలో మెత్తగా చెప్పి చేతులు దులుపుకున్నాడు. పూజకి ముందు నుంచీ ఆగుతోంది కదా అని నేనన్నాను. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు.

దెబ్బలాడాల్సిన నాన్న తాళాలు అందుకుని వెనక్కి తిరిగాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక నేర్చుకున్నది కర్మాగారం చట్టం ఒక్కటే. ఒక సెక్షన్ మిషను మీద ఇంకో సెక్షన్ వాడు చెయ్యేస్తే చార్జిషీటే. తను చెయ్యేశాడు, దొరికిపోయాడు, అంతే. ఇంటికొచ్చి అదే చెప్పాడు.

"బొట్టు మనమే ఎట్టినాం గదా. ఏటని అడుగుతాం?"

అమ్మ ఊరుకోలేదు. "బొట్టెడితే పాడయిపోద్దేటి? అలాగయితే మీ కంపినీ ఏనాడో మూసేద్దురు."

అక్క ఆ మాటలేవీ పట్టించుకోలేదు. అప్పటికే హెడ్‌మిస్ట్రెస్ ఆమెని గదిలోకి పిలిచి చెప్పేసింది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. దీపావళి సెలవులకి ముందు జరిగే పరీక్షల్లో ఒక్కరోజు ఆలస్యమైనా సెలవుల తర్వాత రానక్కర్లేదని. పరీక్షల రోజుల్లో నాన్న మమ్మల్ని చీకటితోనే బయల్దేరదీసేవాడు. వంతెన మీద ఆగినా చల్లారి, బయల్దేరి, చేరుకునేంత వ్యవధి ఉండాలని ఆయన లెక్క. అది పనిచేసింది కూడా.

చివరి పరీక్ష దీపావళికి ముందొచ్చే ధన్‌తేరస్ నాడు పడింది. ఆ రోజు కారు వంతెన దాకా కూడా రాలేదు. దారిలోనే ఉన్న షోరూముకి కాస్త ఇవతల ఆగిపోయింది. చల్లారుతుందని ఎంతసేపు చూసినా ఈసారి స్టార్టవ్వలేదు. దారినపోయేవాళ్లు సాయం పట్టి షోరూము గేటు దాకా తోశారు. ముహూర్తం కోసం ఆ రోజు పొద్దున్నే తెరిచారు. లోపల బంతిపూల తోరణాలు, వరసగా దండలు వేసిన కొత్త కార్లు. ధన్‌తేరస్ నాడు బండి ఇంటికి తెచ్చుకుంటే కలిసొస్తుందని ఇక్కడివాళ్ల నమ్మకం. పళ్లేలు పట్టుకుని పెళ్లివారిలా జనం. మా కారు సరిగ్గా గేటు మధ్యలో నిలిచిపోయింది. లోపలున్న కార్లు బయటికి రావడానికి అదొక్కటే దారి.

"దిగమ్మా, రిక్షా పిలుత్తాను. ఎంతడిగితే అంతిద్దాం," అన్నాడు నాన్న.

"రిక్షా ఎక్కినా ఇప్పుడు టైముకి వెళ్లలేను నాన్నా. నేను దిగను," అంది అక్క. హ్యాండ్‌బ్రేకు లాగి, తలుపులు లోపల్నుంచి లాక్ చేసి, అద్దం సగం దించుకుంది. నేను బయట ఆమె కర్ర పట్టుకుని నిలబడ్డాను. పుట్టాక ఆమె నలుగురి కళ్లలో పడేలా మొండికెయ్యడం అదే మొదలు. నాకు భయమేసింది, సంతోషంగానూ ఉంది.

మేనేజరు వచ్చాడు. బండి పక్కకి తీయిస్తాం, మీరు దిగండి మేడమ్, అన్నాడు. బాగుచేస్తే అదే పక్కకి పోతుంది, అంది అక్క. ఆయన మళ్లీ కుంకుమ సంగతి ఎత్తాడు. లోపల పురోహితుడు మొదటి కారు బానెట్టు మీద సిందూరంతో స్వస్తిక్ వేస్తున్నాడు. అక్క అటు చూపించి, పాఠం చెప్పే గొంతుతో, అందరికీ వినిపించేలా హిందీలో అంది.

"ఇవాళ కార్లు తీసుకెళ్లే వీళ్లందరికీ నా ఎదురుగా ఒక్క మాట చెప్పండి. సిందూరం పెట్టిన బండికి మీ దగ్గర వారంటీ ఉండదని. చెప్పండి, దిగిపోతాను."

పురోహితుడి చెయ్యి ఆగింది. జరీ చీర కట్టుకున్న ఒక పెద్దావిడ మేనేజర్ని నిలదీసింది, "క్యా? సచ్ హై?" నిజమేనా అని. ఆవిడ భర్త తాళాలు తిరిగి కౌంటరు మీద పెట్టేశాడు. మేనేజరు, బానెట్టు మీద అయితే ఫర్వాలేదు, లోపల పెడితేనే, అని మొదలుపెట్టాడు. లోపల పెట్టకపోతే ఇంజనుకి పూజ ఎలా అవుతుందని ఇంకెవరో అడిగారు. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు గొణిగాడు.

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. మేనేజరు సైగ చెయ్యగానే మెకానిక్కు కొత్త కాయిలు తెచ్చి బిగించాడు. ఎంతసేపనుకున్నారు, ఒక టీ తాగేంత సేపు. పాత కాయిలు మొదట్నుంచే లోపల దెబ్బతిని ఉందని, వేడెక్కితే పనిచెయ్యదని, అతనే నాన్నతో గొంతు తగ్గించి చెప్పాడు. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, కుంకుమ తుడిచి, తిప్పి తిప్పి చూశాడు. వాళ్లు మమ్మల్ని బిల్లు అడగలేదు.

కారు వంతెన మీద ఎక్కడా ఆగకుండా వెళ్లింది. మేము బడి చేరేసరికి పిల్లలు పరీక్ష రాసి బయటికొస్తున్నారు. హెడ్‌మిస్ట్రెస్ చెడ్డమనిషి కాదు. అక్కని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, జరిగినదంతా విన్నది. నువ్వు పాఠం బాగా చెబుతావు, నాకూ తెలుసు, కానీ ఇవాళ ప్రశ్నపత్రాలు నేను పంచాను, పిల్లల చదువు నీ కారు మీద ఆధారపడేలా పెట్టలేను, అంది. అక్క తన కప్‌బోర్డు తాళంచెవి బల్ల మీద పెట్టి లేచింది.

బయట నాన్న ఇంజను ఆపకుండానే ఎదురుచూస్తున్నాడు. ఆపితే మళ్లీ ఏమవుతుందోనని కాబోలు. మా మొహాలు చూడకుండానే తలుపు తెరిచి, అక్క కాలు జాగ్రత్తగా లోపల పెట్టించి, చెవి రిక్కించి ఇంజను చప్పుడు విన్నాడు.

"ఇప్పుడు బాగున్నాదమ్మా. ఇంక సెలవులయ్యాక నీకు లేటవదు," అన్నాడు.

ఇంటికెళ్లేదాకా మా ఇద్దరిలో ఎవరమూ ఆయనకి చెప్పలేకపోయాం.