ఆదెప్పకని దాచిన చెనక్కాయలు

గ్రామసేవకుడు ఆదెప్ప సర్కారు విత్తనాలు అమ్ముకుని పట్టుబడ్డాడని, అందుకే ఉద్యోగం పోయిందని బాగేపల్లి హోటళ్లలో చెప్పుకుంటున్నారు. పచ్చి అబద్ధం. ఆ మనిషి ఒక్క గింజ ముట్టలేదు. ఉద్యోగం తానే వదిలేశాడు. ఎందుకో వినండి.

ఆదెప్పది చాకవేలు. అమ్మానాన్నా చిన్నప్పుడే పోతే అక్క అక్కయమ్మే పెంచింది. ఆమెకూ మొగుడు లేడు. ఊరివాళ్ల చేలల్లో కూలి చేసి తమ్ముణ్ణి చదివించింది. గ్రామసేవకుల ట్రైనింగులో ఎరువులు, మందులు, చావడిలో రైతులను కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతి అన్నీ నేర్పారు. ఆదెప్ప నోరు విప్పితే ముసలివాళ్లు కూడా చుట్ట ఆర్పి వినేవాళ్లు.

ఆ ఏడు పురుగు పట్టకుండా మందుపొడి పట్టించిన చెనక్కాయ విత్తనం, అదే వేరుశనగ, సర్కారు నుంచి వచ్చింది. ఆదెప్ప చాకవేలు చావడిలో గొంతు పోయేలా చెప్పాడు.

"దీనికి విషం పట్టించిండారప్పా. విత్తంగా మిగిలింది గుంత తీసి పూడ్చండి. నోట్లో మాత్రం ఏసుకోవద్దండి."

"మేమేమన్నా చిన్నపిల్లోళ్లమా ఆదెప్పా?" అన్నాడు రైతు రామప్ప. "నీ మందు వాసనకి ఎలకలే ఊరిడిసి పోతాండాయి!"

అందరూ నవ్వారు, తలలూపారు. అందరూ మగవాళ్లే.

కానీ మడకతో దున్నుతుంటే దాని వెనకాల నడుస్తూ చాల్లో గింజ వదిలేది ఆడవాళ్లు. విత్తడం అయ్యాక ఒడిలో మిగిలింది వాళ్లదే. చేనికని తీసిన గింజను మళ్లీ ఇంటి గాదెలో పోయరు. ఎప్పట్నించో ఉన్న ఆనవాయితీ అది. చావడిలో ఎవరికీ అది గుర్తు రాలేదు. ఆదెప్పకూ రాలేదు. అక్క గింజ వదులుతున్న చేను పక్కనే సైకిలు ఆపినవాడికి కూడా గుర్తు రాలేదు!

"ఎండకి మాడిపోతాండావు, బువ్వ తినిపోరా" అని అక్క పిలిచింది.

"పక్కూర్లో మీటింగుండాదక్కా, మళ్లా వస్తా."

కొన్నాళ్లకు అక్కయమ్మ చేతులు వణకడం మొదలైంది. తర్వాత కాళ్లు తడబడ్డాయి, చూపు మసకేసింది. గాలి సోకిందని ఊళ్లో వేపమండలతో దిగదుడిచారు. కబురంది ఆదెప్ప పరిగెత్తుకొచ్చాడు.

"ఏం తింటివక్కా?"

"ఏముండాదిరా, విత్తేకాడ మిగిలిన చెనక్కాయలు." మాట ముద్దముద్దగా వచ్చింది. "దుమ్ముండాదని కడిగి ఏయించుకుంటి. లావుగా ఉండేవి నీకని ఎత్తిపెట్టిండా. ఆ కుండలో చూడు."

కుండలో గుడ్డ మూట ఉంది. మంచి గింజలు ఒక్కొక్కటీ ఏరి కట్టింది.

"తినొద్దని చెప్తినే అక్కా! చావిట్లో అందరికీ చెప్తినే!"

"చావిట్లోకి మేమెప్పుడొస్తిమిరా?" అంది అక్కయమ్మ. దెప్పలేదు పాపం, ఉన్నమాటే అంది.

బండి కట్టి చింతామణి ఆస్పత్రికి తీసుకుపోయారు. చేలో కాయ ఊరకముందే ఆమె పోయింది. ఆ ఏడు పంట మాత్రం విరగకాసింది.

ఆదెప్ప రాజీనామా ఇవ్వడానికి చిక్కబళ్లాపురం పోతే, అక్కడ ట్రైనింగులో ఉన్న కొత్త గ్రామసేవకులకు నాలుగు మాటలు చెప్పి పొమ్మన్నాడు పై ఆఫీసరు. ఆదెప్ప బోర్డు ముందు నిలబడ్డాడు.

"చావిట్లో మాట్లాడేముందు చేన్లోకి పోండప్పా. విత్తే ఆడోళ్లకి చెప్పండి. చెప్పింది వాళ్ల నోటితో మళ్లా చెప్పించుకోండి."

కండువాతో మొహం కప్పుకుని బయటికొచ్చేశాడు.

ఇప్పుడు అక్కయమ్మ ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. చాకవేలు బస్సెక్కేవాళ్లు ఎవరైనా ఒకసారి అతని వాకిట్లో ఆగండి. పొయ్యి రాజుకుందో లేదో చూడండి. పలక్కపోయినా ఇంకోసారి పిలవండి. తినడానికి ఏదైనా పట్టుకుపోండి గానీ, చెనక్కాయలు మాత్రం వద్దు.