ఐదో తొట్టిలో టక్కుమన్నది

సముద్రం అడుగు నుంచి తెచ్చిన రాయి ఒట్టి రాయి కాదు. దాని బొక్కల్లో ఎవరెవరో చెప్పాపెట్టకుండా వచ్చేస్తారు, పెళ్లి పడవలో పిలవని చుట్టాల్లాగా. ఆ చుట్టాలెవరో తేల్చడమే దర్మియా పని.

హాజీ బుర్హాన్ షెడ్డులో వరసగా గాజు తొట్లు. ఊరి ఈతగాళ్లు తెచ్చిన పగడపు రాళ్లను ఉప్పునీళ్లలో ఉంచి, పట్నంలో ముచ్చటకు చేపలు పెంచుకునేవాళ్లకు పంపుతాడు. అన్నం అరగని జనం, ఇంట్లో సముద్రం కావాలట! రాయిలో దొంగ దూరి ఉంటే బేరం పోతుంది. దర్మియాకు అక్షరం ముక్క రాదు గానీ, చేప రెక్క తెగిన తీరు చూసి పీతో పురుగో చెప్పేసేది. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ మాట తప్పు పోలేదు. ఊరంతా ఆమెను ఎంబో అనేవారు, అంటే నాయనమ్మ. సొంత మనవరాలు మొన్ననే పుట్టింది, పేరు మాత్రం ఎప్పుడో వచ్చేసింది.

ఆ పసిదానికి పది రోజులు నిండాక, ఐదో తొట్టిలో టక్కుమంది.

"ఏంటది ఎంబో? మూడు చేపలు మాయం!" అన్నాడు హాజీ.

"మొహం చూడకుండా పేరెలా చెప్పను? నీ పెళ్లాం కూడా అలాగే టకటకలాడుతుంది, ఆమెనూ తొట్లో చూడమంటావా?"

"మధ్యాహ్నం దాకా చూస్తా. తేలకపోతే మరిగే నీళ్లు పోయిస్తా. ఏదున్నా ఉడికి చస్తుంది."

దర్మియా మనసు మనసులో లేదు. ఇంట్లో పసిది మూడు రోజులుగా పాలు తాగడం లేదు. ఈ రాయి వచ్చిందీ మూడు రోజుల కిందే. రాయి తెచ్చిన ఈతగాడు జుమానాను పిలిచింది.

"ఎక్కడ పీకావురా దీన్ని?"

"పడమటి దిబ్బ మీద, ఒంటి గుంజ కింద. వద్దని ఎవరూ అనలేదే!"

ఎవరంటారు? దర్మియా ఇంట్లో బిడ్డతోపాటు వచ్చే మావిని బిడ్డకు తోబుట్టువంటారు. తెల్లగుడ్డ చుట్టి, కొబ్బరి చిప్పలో పెట్టి సముద్రంలో దించుతారు. ఎక్కడ దించిందీ నాయనమ్మకొక్కదానికే తెలియాలి, నోరు దాటితే పసిదానికి చేటు. దర్మియా నోరు దాటలేదు. ఒంటి గుంజ కింద, ఈ రాయి సందులోనే పెట్టింది. నోరు మూసుకుని కాపాడిందే నోరు మూసుకోబట్టి పోయింది.

తొట్టి మీద నల్లగుడ్డ కప్పి, తల దాని లోపల పెట్టి కూర్చుంది. చీకటికి కళ్లు అలవాటు పడ్డాక బొక్కలోంచి రెండు కళ్లు బయటికొచ్చాయి, కాడల మీద. ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగాయి. దర్మియా ఒక నత్తను లోపలికి వదిలింది. టక్! గుల్ల ముక్కలైపోయింది.

సుత్తి చేతుల రొయ్య. ఇలాంటివి వంద చూసింది. దర్మియా ఊపిరి వదిలింది.

అప్పుడు కనిపించింది. రొయ్య తన బొక్కకు తలుపుగా అడ్డం పెట్టుకున్నది కొబ్బరి చిప్ప ముక్క. దానికి తెల్లటి పోగు చుట్టుకుని ఉంది. రొయ్య కళ్లు ఒక్కొక్కటే ఆమె వైపు తిరిగాయి. ఉయ్యాల్లో పసిదాని కళ్లు కూడా అలాగే, ఒకటి ముందు, ఒకటి వెనక.

"తేలిందా ఎంబో?" హాజీ మరిగే నీళ్ల కెటిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"తెలీదు."

"నీకు తెలియకపోవడమేంటి?"

"తెలీదన్నానుగా! చెవుల్లో పీతలు దూరాయా? ఈ రాయి నేను తీసుకుపోతున్నా. రేపట్నుంచి వేరేవాళ్లను చూసుకో."

తడిగుడ్డలో రాయిని చుట్టి, తెడ్డు వేసుకుంటూ తనే పడమటి దిబ్బకు వెళ్లింది. నీళ్లలోకి దించుతూ, "నువ్వు రొయ్యవే, నాకు తెలుసు" అంది. మళ్లీ గొంతు తగ్గించి, "చెల్లి ఆకలితో ఉందమ్మా. తాగనియ్యి" అంది.

ఆ సాయంత్రం పసిది పాలు తాగింది. ఇల్లంతా సంబరం. దర్మియా మళ్లీ షెడ్డు గడప తొక్కలేదు.

కానీ నీళ్ల మీద గుంజలెత్తి కట్టిన ఆ ఇంట్లో, పోటు ఎక్కినప్పుడల్లా, ఉయ్యాల కింద, నేల పలకల అడుగున టక్కుమనేది. పసిది అటే కళ్లు తిప్పేది, ఒకటి ముందు, ఒకటి వెనక.

"ఏంటత్తా ఆ చప్పుడు?" కోడలు హస్నా అడిగింది.

"పడవ గుంజకు తగులుతోందిలే" అంది దర్మియా.

పడవను కొడుకు పొద్దున్నే వేటకు తీసుకెళ్లాడు.