ముందు వరుసలో ఆదితాళం

మా నాన్న గవర్నర్‌పేటలో వయొలిన్ మేష్టారు. శిష్యులు వాయిస్తుంటే తొడ మీద తాళం వేస్తుంటారు. ఆ చెయ్యి ఆగిందంటే పాఠం అయిపోయినట్టే, వయొలిన్ పెట్టెలో పెట్టుకుని ఇంటికెళ్లాలి. నా విషయంలో ఎన్నిసార్లు ఆగిందో చెప్పను, నాకూ పరువుంది. విసుగెత్తి చెన్నై వెళ్లి చెల్లో వాయించడం నేర్చుకున్నాను. దాన్ని మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు నాన్న చుట్టూ తిరిగి చూసి, "ఇదేంటమ్మా, వయొలిన్‌కి నీరు పట్టినట్టుందీ?" అన్నారు. ఆ తర్వాత నా కచేరీకి ఒక్కదానికీ రాలేదు.

మొన్న వేసవిలో మా పేటలోనే ఒక హాల్లో వాయించే అవకాశం వచ్చింది. ఒక రష్యన్ స్వరకర్త చివరి రోజుల్లో చెల్లో కోసం రాసిన పెద్ద రచన ఎంచుకున్నాను. దానికి నిజానికి నిండు ఆర్కెస్ట్రా కావాలి. నాకు దొరికింది కీబోర్డు వాయించే స్నేహితురాలు. నాన్న వస్తానన్నారు. ఆయన చివరిదాకా కూర్చుంటే చాలు, మెచ్చుకోకపోయినా ఫరవాలేదనుకున్నాను.

ముందు వరుసలో ఆయన, పక్కన ఆయన స్నేహితుడు మృదంగం మేష్టారు. మొదటి భాగం కవాతులా నడుస్తుంది. ఇద్దరూ హాయిగా ఆదితాళం అందుకున్నారు. నా ప్రాణం లేచొచ్చింది. రెండో భాగంలో ఆ రష్యా ఆయన నడక మార్చేశాడు. మనవాళ్లు మార్చలేదు. పాపం పిల్ల తాళం తప్పుతోందని మృదంగం మేష్టారు నాకు వినపడేలా గట్టిగా వెయ్యడం మొదలెట్టారు. వెనక వరుసలు కూడా సాయం పట్టాయి. "ఇక్కడమ్మా, ఇక్కడ అందుకో!" అని ఎవరో పెద్దాయన కేకేశారు. నా స్నేహితురాలు బిక్కమొహం వేసుకుని నా వైపు చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అంతలో నాన్న చెయ్యి ఆగింది. పక్కాయన చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరూ లేచి వెళ్లిపోతారన్నమాట! కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పోతే పోనీ అని కళ్లు మూసుకుని, ఉక్రోషమంతా తీగల మీద కమాను లాగడంలో చూపించాను. ముందు వరుస ఆగేసరికి వెనకవాళ్లూ సద్దుమణిగారు. అంతా అయ్యాక కళ్లు తెరిస్తే ఇద్దరూ అక్కడే ఉన్నారు, ఇంకా చేతులు పట్టుకునే.

ఆటోలో అడిగేశాను. "తాళం ఆపేశారేం నాన్నా? అంత ఘోరంగా ఉందా?"

"నీకు అడ్డమొస్తోందమ్మా, అందుకని ఆపాను," అన్నారు. "ఆయన ఆపడే! చివరిదాకా ఆ చెయ్యి నొక్కిపట్టుకుని కూర్చున్నా. మృదంగం వాయించే చెయ్యి, మాటలా? నా భుజం పడిపోయింది."

మధ్యలో చెల్లో పెట్టె ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆయన్ని పట్టుకుని భోరుమనేదాన్ని.