లీటరుకి పదిహేను ఇస్తేనే భివండీ

పెద్దమ్మకు ఉత్తరం రాయించడంలో మా అమ్మ తొందరపడింది. ఈ వ్యవహారంలో ఆమె చేసిన పొరపాటు అదొక్కటే, మిగిలినవన్నీ మా బాపువి. తొంభైల నడుమ ఒక ఏడాది, సూరత్ కతర్‌గామ్‌లో వజ్రాలు సానబట్టే కారఖానా సేటు ఒకాయన తన పాత తెల్లకారు అమ్ముతుంటే బాపు కొన్నాడు. అది ఇంకా మా గోడాదరా గల్లీలోకి రాకముందే అమ్మ నన్ను కూర్చోబెట్టి భివండీలో ఉన్న పెద్దమ్మకు కార్డు రాయించింది. "కారు కొన్నం అక్కా, ఇగ రైలు గియిలు లేదు, కార్లనే వస్తం." పెద్దమ్మ ఆ కార్డు గల్లీలో అందరికీ చదివి వినిపించిందట. దాంతో అమ్మ రైలెక్కి భివండీ వెళ్ళే దారి మూసుకుపోయింది. తోడబుట్టిన అక్కను చూసి నాలుగేళ్ళయింది. ఇప్పుడు వెళ్తే కారులోనే వెళ్ళాలి, లేకపోతే పరువు పోతుంది.

సేటు అమ్మేటప్పుడు లీటరుకి పద్దెనిమిది ఇస్తుందన్నాడు. సూరత్‌లో దీన్ని మైలేజ్ అనరు, ఎవరేజ్ అంటారు. కారున్నవాడు కనిపిస్తే బాగున్నావా అని అడగరు, ఎవరేజ్ ఎంత అని అడుగుతారు. మా కారు తొమ్మిది ఇచ్చింది. బాపు మొదట పెట్రోలు బంకువాణ్ణి అనుమానించాడు. తర్వాత మా గల్లీని అనుమానించాడు. ఎవడో పైపు పెట్టి లాగేస్తున్నాడని ఒక ఆదివారమంతా కారు పక్కన కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళ మూతులు వాసన చూడటం ఒక్కటే తక్కువగా కాపలా కాశాడు. సాయంత్రానికి ఆ కోపమంతా మా మీదికి మళ్ళింది.

"పదిహేను ఇయ్యందే భివండీ లేదు," అని తీర్పు చెప్పాడు. "నడి రోడ్డు మీద బండి ఆగితే నా ఇజ్జత్ ఏం గావాలె?"

అమ్మ పెట్టెలోంచి తీసిన పట్టుచీర మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

బాపు గురించి ఒక మాట చెప్పాలి. మరమగ్గాలను మావాళ్ళు సాంచెలంటారు. బాపు ఇరవై ఏళ్ళు ఇతరుల సాంచెల దగ్గర నిలబడి నేసి, ఆ తర్వాత జోల్వాలో సొంతంగా నాలుగు పెట్టుకున్నాడు. డ్రైవింగ్ నేర్చుకున్నది నలభై అయిదో ఏట. సాంచె చప్పుడు విని ఏ పోగు తెగబోతుందో చెప్పగల మనిషి, కారు చప్పుడు ఎంత విన్నా దాని జబ్బు ఏమిటో చెప్పలేకపోయాడు. అది ఆయనకు చాలా అవమానంగా ఉండేది.

ఆ సమయంలో మా ఇంటికి రైల్వే బాబాయిగారు రావడం మొదలుపెట్టారు. గుంటూరు వైపు మనిషి, ఉధనాలో రైల్వే ఉద్యోగం, బాపుకు స్నేహితుడు. ఆయనకు కారు లేదు. నడపడం రాదు. సైకిలు ఉంది. కానీ పెట్రోలు ఆదా మీద పేపర్లో పడిన ప్రతి ముక్కా కత్తిరించి జేబులో పెట్టుకుని తిరిగేవారు. బాపుకు దేవుడు దిగివచ్చినట్టయింది.

"ముందు టైర్లలో గాలి చూడాలండీ," అన్నారు బాబాయిగారు. మాట నిజమే. కానీ బాపు దేన్నీ మోతాదులో చేసే రకం కాదు. గాలి ఎంత దట్టించాడంటే, కారు చిన్న రాయి తగిలినా మేకపిల్లలా ఎగిరేది. "అద్దాలు దించితే గాలి దూరి బండిని వెనక్కి లాగుతుందండీ," అన్నారు. కారులో ఏసీ లేదు, బయట మే నెల. ఆ ఎండలో అద్దాలు బిగించుకుని మేం ముగ్గురం ఇడ్లీల్లా ఉడికాం. "బ్రేకు కొట్టిన ప్రతిసారీ పెట్రోలు పారబోసినట్టేనండీ," అన్నారు. బాపు బ్రేకు వాడటమే మానేశాడు. ముందు ఆవు ఉన్నా, తోపుడుబండి ఉన్నా, హారన్ కొడుతూ, దాన్ని బతిమాలుతూ, ఇరవైలో అలాగే వెళ్ళేవాడు. "జరుగు తల్లీ, జర జరుగు, నీకు దండం పెడ్త!" అద్దాలు మూసి ఉన్నాయి కాబట్టి ఆ ప్రార్థన మా చెవులకే వినిపించేది. ఒకసారి బట్టల మూటలు కట్టిన సైకిలువాడు మమ్మల్ని దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. నేను సీటు కిందికి జారిపోయాను.

ఇంత చేస్తే ఎవరేజ్ తొమ్మిది నుంచి తొమ్మిదింబావు అయింది.

ఆ తర్వాత బరువు తగ్గించే కార్యక్రమం. కారు మీది ఇనుప క్యారియర్ తీశారు, అది మంచిదే. స్టెప్నీ తీశారు. జాకీ తీశారు. కాళ్ళ కింది పట్టాలు తీశారు. డ్యాష్‌బోర్డు మీద సేటు వదిలేసిన ఇత్తడి లక్ష్మీదేవిని బాపు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తూచాడు. "దేవునికి బరువేంది," అని మళ్ళీ అక్కడే పెట్టాడు, కానీ అంత నమ్మకంతో పెట్టలేదు. చివరికి పానా తీసుకుని ముందు సీటు, అంటే అమ్మ కూర్చునే సీటు, బోల్టులు విప్పి ఇంట్లోకి మోసుకొచ్చాడు.

"మరి నేనేడ కూసోవాలె?" అంది అమ్మ.

"పీట ఉన్నది గద."

ఒక ఆదివారం ఉదయం అసలు పరీక్ష పెట్టారు. ట్యాంకు ఖాళీ చేసి, కొలిచి ఒక్క లీటరు పోసి, బండి తనంతట తాను ఆగిపోయేదాకా నడపాలి. పదిహేను దాటితే ఆ వారమే భివండీ. బాపు స్టీరింగ్ ముందు, అమ్మ ఆయన పక్కన పీట మీద, వెనక నేనూ బాబాయిగారూ. బాబాయిగారు ముందుకు వంగి మీటరు చదువుతున్నారు, రైలు స్టేషన్లు చెప్పినట్టు. "మూడు... నాలుగు..." అమ్మ పెదాలు కదులుతున్నాయి. ఏ దేవుడికి మొక్కుతోందో తెలియదు, లీటరుకి ఒక దేవుడున్నా మొక్కేది.

తొమ్మిదో కిలోమీటరు దగ్గర, బండి కాసేపు నడిస్తే ఎప్పుడూ వచ్చే మాడు వాసన వచ్చింది. పీట మీద కూర్చోవడం వల్ల అమ్మ ముఖం సరిగ్గా బాపు మోకాళ్ళ ఎత్తున ఉంది. అంత దగ్గరగా ఆయన కాళ్ళను కారులో ఎవరూ చూడలేదు.

"ఇగో, ఆ కాలేం జేస్తుందయ్యా?"

"ఏ కాలు?"

"ఎడమది. కుడి కాలు ఒత్తుతుంది, లేపుతుంది. ఇదేందో బయలెల్లిన కాంచి గా తొక్కుడు మీదనే ఉన్నది, లేస్తనే లేదు."

"ఊకెనే పెట్టిన."

బాబాయిగారు సీటు మీది నుంచి తల దూర్చి చూశారు. "అయ్యో, అది క్లచ్చండీ! గేరు మార్చేటప్పుడు తప్ప దాని మీద కాలు పెట్టకూడదు! ఇంజను తిరిగినంత చక్రం తిరగదు, తాగిన పెట్రోలంతా దండగ!" ఇన్నాళ్ళూ ఆయన జేబులో ఆ కాగితం ఉండే ఉంటుంది. ఎందుకు తీయలేదని అడగాలనిపించింది, కానీ అప్పటికే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తొమ్మిదిన్నర.

ఎవరమూ దిగలేదు. అమ్మ మెల్లగా అంది, "సాంచె హ్యాండిల్ మీద చెయ్యి పెట్టుకున్నట్టు పెట్టుకున్నవ్ గదా."

అప్పుడు నాకు అర్థమైంది. సాంచె నడుస్తున్నంతసేపు నేసేవాడి చేయి దాని హ్యాండిల్ మీదే ఉంటుంది. పోగు తెగిన క్షణంలో ఆపాలి, ఆపకపోతే బట్ట పాడవుతుంది. బాపు ఇరవై ఏళ్ళు అలా చేయి పెట్టి నిలబడ్డాడు. కారులో ఆ పనిని ఎడమ కాలికి అప్పగించాడు.

"తీస్తే ఎట్లనే?" అన్నాడు బాపు. గొంతు చిన్నదైంది. "అడ్డం ఏమన్న వస్తే? బండి నా చేతుల ఉండది. నాకు బయమైతది."

రెండు నెలలుగా ఆయన మీద నాకున్న కోపం ఆ మాటతో కరిగిపోయింది. భయపడతానని బాపు చెప్పగా నేను వినడం అదే మొదటిసారి. ఆ తర్వాత పెట్రోలు బంకు దాకా బండిని నెట్టాల్సి వచ్చింది, అందులో కొంత కోపం తిరిగి వచ్చిందనుకోండి.

జబ్బు తెలిసింది, మందు దొరకలేదు. కాలు తీయాలని బాపుకు తెలుసు, కాలికి తెలియదు. రెండు నిమిషాలు పక్కన పెట్టేవాడు, మూడో నిమిషంలో అది మళ్ళీ పెడల్ మీద ఉండేది. ఆ కాలు మడిచి సీటు మీద పెట్టుకుని చూశాడు, గేరు మార్చాల్సినప్పుడు అది కిందికి దిగలేదు. పాత చీర అంచుతో డోరు హ్యాండిల్‌కు కట్టుకున్నాడు, డోరు తెరుచుకుంది. చివరికి అమ్మ పీట మీద సర్దుకుని కూర్చుని, రెండు చేతులతో ఆయన చీలమండ పట్టేసుకుంది.

"గేర్ అను, ఇడిచిపెడ్త. అయినంక మల్ల పట్టుకుంట."

జోల్వా రోడ్డు మీద వారం రోజులు సాధన చేశారు. "గేర్!" అనగానే వదిలేది, పడగానే పట్టేది. మళ్ళీ ఒక లీటరు పోసి చూశారు. అద్దాలు దించుకుని, బ్రేకులు వాడుకుంటూ వెళ్ళినా పదహారున్నర వచ్చింది. బాబాయిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మేం ముగ్గురం భివండీ బయల్దేరాం. స్టెప్నీ, జాకీ మళ్ళీ ఎక్కాయి. సీటు మాత్రం బిగించలేదు, బిగిస్తే అమ్మ చేతులకు కాలు అందదు. అమ్మ పట్టుచీర కట్టుకుంది, తలనిండా మల్లెలు పెట్టుకుంది, పోయి పీట మీద కూర్చుంది. వల్సాడ్ దాటేసరికి "గేర్" అనే మాట కూడా అక్కర్లేకపోయింది. బాపు భుజం కదిలితే చాలు, అమ్మ చేతులు లేచేవి. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా వాళ్ళిద్దరూ అంత ఒద్దికగా ఒక పని చేయడం నేను చూడలేదు.

భివండీలో గల్లీ గల్లీ అంతా బయటే ఉంది. కారు ఆగింది. బయటి నుంచి చూసేవాళ్ళకు బాపు, వెనక నేను, ముందు సీటు ఉండాల్సిన చోట ఖాళీ. పెద్దమ్మ ముఖం వాడిపోయింది. "నా చెల్లె రాలేదా?" అంటూ డోరు తెరిచింది.

చెల్లెలు కింద ఉంది. మల్లెలు ఒక పక్కకి జారాయి, పట్టుచీర నలిగింది, రెండు చేతులూ మొగుడి పాదం మీద ఉన్నాయి.

ఒక ముసలమ్మ మెటికలు విరిచింది. "సూరత్ సంది మొగని కాళ్ళు ఇడువకుంట వచ్చిందమ్మా, మహాతల్లి!" ఇంకో ఇద్దరు దండం పెట్టారు. పెద్దమ్మ నోరు తెరిచి మా బాపు వైపు చూసిన చూపులో దండం లేదు. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగేళ్ళుగా ఎదురుచూసిన రాక ఇలా అయింది కదా అని నాకూ ఏడుపొచ్చింది.

బాపు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, తిమ్మిరెక్కిన అమ్మను చేయి పట్టి లేపాడు. అందరికీ వినబడేటట్టు అన్నాడు, "నేను స్టీరింగ్ పట్టుకున్న, గంతే వదినె. గీడిదాక బండి నడుపుకచ్చింది మీ చెల్లెనే."

అమ్మ కొంగు సర్దుకుంది. మల్లెలు సరిచేసుకుంది. గల్లీ మొత్తాన్ని ఒకసారి చూసి, అక్కతో చెప్పింది:

"లీటరుకు పదహారున్నర, అక్కా."