ఫుల్సమ్ అనే మాట

జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఆఫీసులో ఆరేళ్ళు ఇంగ్లీషు ప్రెస్ నోట్లు రాశాను. అక్కడ ఇంగ్లీషు వచ్చినవాళ్ళ కన్నా వచ్చినట్టు నటించేవాళ్ళకే విలువ. అందరిలోకీ ఘనుడు మా పబ్లిసిటీ మేనేజరు. కోటు తొడుక్కుంటే భాష దానంతటదే వస్తుందని అతని నమ్మకం.

ఆ రోజుల్లో ఒక ముసలి రచయిత పోయారు. యూసుఫ్‌గూడలో కిరాయి ఇంట్లో ఉంటూ మా నిర్మాత సినిమాలకు మాటలు రాసేవారు. ఇంట్లో అచ్చమైన తెలంగాణ మాట, కాగితం మీద కోస్తా మాట. తెర మీద రచయితగా మాత్రం నిర్మాత పేరే పడేది. బతికున్నన్నాళ్ళూ గుమ్మం దగ్గరే నిలబెట్టి కాగితాలు అందుకుని పంపించేసిన మనిషికి, పోయాక ఫిల్మ్‌నగర్‌లో సంతాపసభ పెట్టారు.

ఆహ్వానం ఇంగ్లీషులో. మేనేజరు దానికి ‘ఫుల్సమ్ ట్రిబ్యూట్’ అని పేరు పెట్టాడు. ఫుల్ అంటే నిండు కదా, నిండు మనసుతో నివాళి అని అతని ఉద్దేశం. మోతాదు మించి, వినేవాళ్ళకు వెగటు పుట్టేలా పొగిడితే దాన్ని ఫుల్సమ్ అంటారని చెప్పాను. అతను ఫోన్‌లో నిఘంటువు తీసి ‘సమృద్ధమైన’ అన్న అర్థం చూపించాడు. అదీ ఉంది, నిజమే, కానీ దాని కిందది కూడా చదవమన్నాను.

“కిందవి ఎవరు చదువుతారండీ?” అన్నాడు.

అలాగే అచ్చయింది. ఫ్లెక్సీ మీదా అదే.

సభలో నిర్మాత ముప్పావుగంట మాట్లాడారు. పోయినాయన తనకు అన్న అన్నారు, గురువు అన్నారు, ఒకచోట సాక్షాత్తు సరస్వతి అని కూడా అన్నారు. ఆయన రాసిన ఒక్క సినిమా పేరు మాత్రం చెప్పలేదు. చెబితే తాను రాయలేదని ఒప్పుకున్నట్టే. చప్పట్లు కొట్టేవాళ్ళను చూస్తే అసహ్యమేసింది. నేనూ కొట్టాను.

జనం వెళ్ళిపోతుండగా రచయితగారి కూతురు ఫ్లెక్సీ ముందు ఆగింది. మధురానగర్‌లో ఉంటూ ఇంగ్లీషు టీచరుగా పనిచేసేది. ఇది రాసిందెవరని అడిగితే మేనేజరు నన్ను చూపించి పక్కకు తప్పుకున్నాడు.

“తెల్వక రాసిండ్రా, తెలిసే రాసిండ్రా?” అని అడిగింది.

వద్దన్నా వినలేదని చెప్పాను.

“వాళ్ళకు తెల్వకున్నా నిజమే రాసిండ్రు. మా నాయినకు గీ పొగడ్తలెందుకు? సినిమాల ఆయన పేరు ఎయ్యమనుండ్రి, చాలు.”

కాస్త దూరంలో ఉన్న నిర్మాతకు ‘నిజమే రాసిండ్రు’ అన్నంతవరకే వినపడినట్టుంది. సంతోషించి మేనేజరు భుజం తట్టారు. ఆపైన పాటల వేడుకలకూ హీరోల పుట్టినరోజులకూ అదే మాట వేశారు. పరిశ్రమలో ఒక్కరూ తప్పు పట్టలేదు. కింది అర్థం దాకా వెళ్ళే అలవాటు ఎవరికీ లేదు.

సభ జరిగిన నెల తిరక్కుండా నేను ఉద్యోగం మానేశాను. వచ్చేసే ముందు ఆఫీసు బీరువాలో పడున్న రచయితగారి చేతిరాత కాగితాలకు జిరాక్సులు తీయించి మధురానగర్ తీసుకెళ్ళాను. ఆమె ఒక్కో పేజీ తిప్పుతూ, ఏ సినిమాలోదో గుర్తుపట్టి, అంచున పెన్సిల్‌తో దాని పేరు రాసుకుంది. చాలాసేపటికి తలెత్తింది.

“ఆరేండ్లు గా బీరువ పక్కనే కూసున్నరా?” అంది.

అవునన్నాను. ఆమె మళ్ళీ కాగితాల మీదకు వంగింది.